'మనం' దిద్దిన పక్షం

బహుళ దశమి, పొద్దుటి పోటు

గోడ విన్నది గోడ రాసుకుంటుంది. నేను పైకి అననివి రాసుకోవడానికి ఈ పుస్తకం పెట్టుకున్నాను. గోడకి చెవులున్నాయి గానీ చేతిరాత చదవడం రాదు. ఆ ధీమాతోనే రాస్తున్నాను.

నా పేరు మంగతాయారు, యాభై ఆరేళ్ళు. నీళ్ళ మీద తేలే ఈ తేలంకలో పన్నెండో ఇంటికి తోడుని. తోడంటే ఇక్కడ ఉద్యోగం పేరు. ఒంటికో మాటకో సాయం కావలసినవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు ఉంటారు, వాళ్ళతోపాటు ఒక తోడు ఉంటుంది. వెనకటి రోజుల్లో ఇలాంటివాళ్ళని పెద్ద పెద్ద భవనాల్లో వరసగా మంచాలేసి ఉంచేవారట. నీళ్ళు వచ్చి ఆ భవనాలన్నీ మునిగాక, మంచానికొక ఇల్లు ఇచ్చేశారు. మునిగినందుకు ఒక మంచి జరిగిందని ఊళ్ళో అనేవారు.

మా ఇంటి మనిషి సత్యవేణి. ముప్ఫై నాలుగేళ్ళు. కాళ్ళూ చేతులూ మెడా పుట్టినప్పటి నుంచీ తన మాట వినవు. నోరు వింటుంది గానీ చాలా నెమ్మది. వేణి ఒక వాక్యం మొదలుపెట్టి ముగించేలోపు నేను రెండు వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేసేస్తాను. నాకేమో ఓపిక తక్కువ, నిప్పు తొక్కిన కోతినని చిన్నప్పటి నుంచీ పేరు. అందుకని వేణి వాక్యాల చివర్లు సగానికి సగం నేనే చెప్పేస్తుంటాను. ఆరేళ్ళ అలవాటు మీద తన మనసులో మాట నాకు తెలియదా ఏమిటి?

పోటు వచ్చే వేళకి ఇల్లు జానెడు జానెడుగా పైకి లేస్తుంది. కిటికీలోంచి వెలుగు వచ్చి ఇంటి కప్పు మీద నీటి నీడలు వేస్తుంది. వేణి వెల్లకిలా పడుకుని వాటిని చూస్తూ ఉంటుంది. ఆ కాసేపు ఎవరైనా పలకరిస్తే ఒళ్ళు మంట. మా ఇంటి కింద ఎక్కడో లోతున పాత బస్టాండు ఉంది. నీళ్ళు తేటగా ఉన్న రోజు దాని మీది అక్షరాలు కనిపిస్తాయి, ఆ అక్షరాల సందుల్లోంచి పరిగెలు ఈదుకుంటూ పోతాయి.

మా ఊళ్ళో లోపలి వరస ఇళ్ళు ఒకచోటే ఉంటాయి. బయటి వరస ఇళ్ళు నీటి వాలుకి గొలుసు పట్టుకుని తిరుగుతూ, పక్షానికి ఒక చుట్టు వస్తాయి. మాది లోపలి వరస. కాబట్టి పొద్దున లేచి కిటికీ తీస్తే పక్కింటివాళ్ళు మారిపోయి ఉంటారు. నిన్న వడియాలు ఎండబెట్టుకునే ముసలమ్మ, ఇవాళ మంచులోంచి తేలుతూ వచ్చిన చేపల వలల ఇల్లు. రేపు ఏకాదశి. రేపొచ్చేది గంట ఇల్లు. పొద్దుటి నుంచీ వేణి కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

బహుళ ఏకాదశి

గంట ఇంటాయన పేరు వీరభద్రం. నలభై దాటాయి. చూపు లేదు. ఇంటి నేల కింద నీళ్ళ చప్పుడు విని పోటు ఎప్పుడు తిరుగుతుందో చెప్పి, ఊరంతటికీ గంట కొడతారు. ఒక్కసారి కూడా తప్పలేదని ఆయన ప్రతిసారీ చెబుతారు, అదొక్కటే ఆయనతో బాధ. ఇంకో బాధ కూడా ఉంది, పాడతారు.

ఈయన పేరుతో మా గోడకి పెద్ద తంటా. వేణిని మంచం మీంచి కుర్చీలోకి దింపుతూ మామూలుగా "భద్రం, భద్రం" అంటాం కదా. గోడ అవన్నీ లెక్కేసి, ఈ ఇంట్లో వీరభద్రం అనే వ్యక్తిని రోజుకి ఇరవై రెండుసార్లు పిలుస్తున్నారు, ఆయన ఎప్పుడు వచ్చి చేరారు అని మా ఇళ్ళు చూసుకునే కార్యాలయానికి రాసింది. వాళ్ళు ఆరా తియ్యడానికి మనిషిని పంపారు. ఆ రోజు వేణి నవ్వీ నవ్వీ పొలమారి, నన్ను హడలగొట్టింది.

ఆ నవ్వు కాస్తా పెరిగింది. నెలకి రెండు రోజులు చొప్పున మూడేళ్ళుగా ఆయన అటు కిటికీలో, ఈమె ఇటు కిటికీలో. వేణి మాట మధ్యలో ఆగితే ఆయన మాగాయ టెంక చీకుతూ అలా కూర్చుంటారు. టెంక అయిపోయినా కూర్చుంటారు. మొన్న పౌర్ణమి నాడు ఇద్దరూ కలిసి అర్జీ పెట్టారు. బయటి వరసలో ఒక చిన్న తెప్ప ఇల్లు ఇస్తే ఆలుమగలుగా ఉంటారట.

అర్జీ పెడితే అమావాస్య దాకా పదిహేను రోజులు గోడ రోజూ పొద్దున్నే అడుగుతుంది, ఈ ఇల్లు వదిలి వెళ్తారా అని. పదిహేను జవాబులూ చూసి కార్యాలయం తేలుస్తుంది. ఆ అడిగే వేళకి నేను వేణికి తల దువ్వుతుంటాను. నాకు ఒకటే భయం. వీళ్ళిద్దరూ, చుట్టూ నీళ్ళు, అదేమో బయటి వరస! పైగా ఆశపెట్టుకుని ఆఖరికి కాదంటే ఈ పిల్ల ఏమైపోతుంది? అందుకని చిక్కు తీస్తూ తీస్తూ నేనే ఓదారుస్తాను. ఇవాళ కూడా, "ఎక్కడికెళ్తాంలేమ్మా, మనకి ఇక్కడ బాగానే ఉంది కదా" అన్నాను. వేణి నోరు తెరిచి ఏదో మొదలుపెట్టింది. జడ బిగుతుగా ఉందంటోందనుకుని వదులు చేశాను.

అమావాస్య

కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. గోడే చదివి వినిపించింది. సత్యవేణి పదిహేను రోజులూ వెళ్ళనని చెప్పినందువల్ల అర్జీ మూసివేశాం, ఇంటి మీద ఆమెకున్న సంతృప్తికి అభినందనలు, అని. మా గుమ్మానికి ఇప్పటికే ఐదు దీపాలున్నాయి. తనిఖీలో బాగుందని తేలిన ఇంటికి దీపాలిస్తారు, ఐదుకి మించి లేవు. ఆ జవాబుతోపాటు ఐదో దీపానికి కొత్త వత్తి కూడా పంపారు.

నిజం రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు? నాకు సగం హాయిగా అనిపించింది. మిగతా సగం మండిపోయింది. పిల్ల అంత ఆశగా ఉంటే, వెళ్ళనందని వీళ్ళెలా రాస్తారు? ఇంతలో వేణి నా వైపు తిరిగి, "నువ్వు" అంది. తరవాతి మాట కోసం పెదవులు కూడగట్టుకుంటోంది. "నువ్వు బాధపడకక్కా అంటున్నావు కదమ్మా, నాకు తెలుసు" అని తల నిమిరాను.

వేణి నోరు మూసేసుకుంది.

శుద్ధ చవితి

నాలుగు రోజులైంది, మాట లేదు. అన్నం పెడితే తింటోంది, నీళ్ళు ఇస్తే తాగుతోంది. నన్ను చూడటం లేదు. నేనేం చేశానే అని ఒకసారి గట్టిగానే అరిచాను. అరిచాక, గోడ రాసుకుంటుందని గుర్తొచ్చి, మనం కొంచెం అలిసిపోయామని గోడకి చెప్పాను.

కిటికీలోంచి రోజుకో ఇల్లు వచ్చి పోతోంది. చిలకలు పెంచేవాళ్ళ ఇల్లు, బట్టలద్దేవాళ్ళ ఇల్లు. మంచు దట్టంగా ఉండి అవి నీళ్ళ మీద కాకుండా గాల్లో పోతున్నట్టున్నాయి. బట్టలద్దే ఇంట్లోంచి నీలిరంగు కారి మా చుట్టూ నీళ్ళు ఒక పూటంతా నీలంగా ఉన్నాయి. ఇంకో రోజైతే వేణికి అది పండగ. ఇవాళ చూడనైనా చూడలేదు.

ఇక నావల్ల కాలేదు. కార్యాలయానికి కబురు పెట్టాను. మా పిల్లకి అన్యాయం జరిగింది, ఆ పదిహేను జవాబులూ ఎవరు చెప్పారో నాకు వినిపించాలి, అంతవరకూ గుమ్మం ముందు దీపాలు వెలిగించను అని చెప్పాను. ఐదూ ఆర్పేశాను.

శుద్ధ పంచమి

తనిఖీ ఆమె పడవేసుకుని వచ్చింది. పేరు కాంతిమతి. సన్నగా ఉంటుంది, గట్టిగా మాట్లాడదు. నేను మాత్రం ఆమె చెప్పులు విప్పకముందే అందుకున్నాను. తేలిగ్గా తీసేశారా, మాట నెమ్మదైతే మనిషికి మనసు లేదనుకున్నారా, ఆ జవాబులు చెప్పిన నోరు ఎవరిదో చూపించండి, ఆ నోట్లో మట్టి కొట్ట అన్నాను. కాంతిమతి గారు అంతా విని, గోడని వినిపించమన్నారు.

నా గొంతు.

"మనం ఎక్కడికెళ్తాంలేమ్మా." "మనకి ఇక్కడేం తక్కువ." "మనం ఉండలేం తల్లీ అక్కడ." పదిహేను పొద్దుళ్ళు, పదిహేను జడలు, అన్నీ నా గొంతే. అడిగాక పది ఊపిరులు చూస్తుందట గోడ. ఈలోగా మనిషి నుంచి మాట రాకపోతే, పక్కనున్న తోడు ఏమందో చూస్తుంది. తోడు 'నేను' అంటే అది తోడు మాట. 'వేణి' అంటే వేణి గురించి తోడు అనుకున్న మాట. 'మనం' అంటే ఇద్దరి మాట.

గోడది తప్పని ఎలా అనను? చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు, మనం అంటే నువ్వూ నేనూ అని. గోడకి వ్యాకరణం వచ్చు. పసిపిల్లలకి అన్నం పెడుతూ "మనం ఆం తినేశాం" అంటామే, పెట్టేవాళ్ళు ఒక్క ముద్ద కూడా తినకుండానే, అది మాత్రం దానికి తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషితో నేను ఆరేళ్ళుగా ఆ భాషే మాట్లాడుతున్నానని నాకూ తెలియదు.

సిగ్గుతో చచ్చిపోయాను. నోట్లో మట్టి అన్నది నేనే కదా. కాంతిమతి గారు ఆ మాట ఎత్తలేదు. వేణి కుర్చీలోంచి నన్ను చూస్తోంది. ఐదు రోజుల తరవాత చూసిన చూపు అదే.

వెళ్తూ ఆమె పద్ధతి చెప్పారు. మాట అన్నవాళ్ళే మళ్ళీ గోడ ముందు కూర్చుని, ఏది ఎవరి మాటో దిద్దవచ్చు. ఆ మనిషి వినాలి, ఔననాలి. అప్పుడు అర్జీ తెరుస్తారు. అయితే ఒకరి మాట తాను చెప్పానని ఒప్పుకున్న తోడు, అర్జీ తేలాక ఇక ఆ మనిషికి తోడుగా ఉండకూడదు. ఆ ఇంట్లోనే కాదు, కొత్త ఇంట్లో కూడా. అడిగాను, ఎప్పటిదాకా అని. ఎప్పటికీ అన్నారు.

శుద్ధ షష్ఠి

ఒక ముక్క రాసేస్తాను. వేణి వెళ్ళకూడదని నేను కోరుకున్నమాట నిజమే. కానీ ఒకవేళ వెళ్తే, నేనూ వెళ్తాననే అనుకున్నాను. ఆ తెప్పలో నా మంచం ఏ మూల వేసుకోవాలో కూడా మనసులో వేసేసుకున్నాను. నేను లేకుండా వేణి ఉంటుందన్న ఊహ ఒక్కసారి కూడా నాకు రాలేదు.

నేను నోరు మూసుకుంటే వేణి నా దగ్గరే ఉంటుంది. దిద్దితే వెళ్ళిపోతుంది. పొద్దుటి పోటు, సాయంత్రం పోటు, రెండూ ఇదే ఆలోచన. చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను.

శుద్ధ సప్తమి

పొద్దున్న గోడ మామూలుగా అడిగింది, ఈ పూట ఎలా ఉన్నారు అని. నా చేతిలో దువ్వెన ఉంది. అలవాటు ప్రకారం నోరు తెరిచాను. ఎందుకో దువ్వెన మీంచి చూపెత్తి, ముందుకి వంగి వేణి ముఖం చూశాను. కళ్ళు మూసుకుంటోంది. ముల్లు తీయించుకునేటప్పుడు మూసుకుంటామే, అలాగ. నేను జవాబు చెప్పబోతున్నానని తెలిసి మూసుకుంటోంది. ఆరేళ్ళుగా రోజూ ఇలాగే మూసుకుందేమో. నేను ఎప్పుడూ వెనక నిలబడి జడే చూశాను.

అనబోయిన మాట మింగేశాను. దువ్వెన పక్కన పెట్టి, గోడతో, "మంగతాయారుని. దిద్దుకోవాలి" అన్నాను.

శుద్ధ నవమి

పదిహేను రోజుల మాటలు దిద్దడం నిన్న ఒక పూటలో అయిపోయింది. ఇక చాలు అనుకుని లేవబోతుంటే వేణి మాట్లాడింది. ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట. నేను పూర్తి చెయ్యలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటి కప్పు మీద ఒక నీటి నీడ ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళింది.

"మొత్తం," అంది వేణి. "ఆరేళ్ళూ."

పదకొండు వేల చిల్లర 'మనం'లున్నాయని చెప్పింది గోడ. ఒక్కలాంటివి ఒక్క కట్టగా కట్టి ఇస్తానంది, అదొక్క పుణ్యం. మనం స్నానం చేశాం, రెండువేల పైచిలుకు. వేణి చేసింది. మనం తిన్నాం. వేణి తింది. మనం మందు వేసుకున్నాం. వేణి వేసుకుంది. మనకి నిద్రొస్తోంది. నాకు నిద్రొచ్చింది, వేణికి రాలేదు, మేలుకుని కిటికీలోంచి చూడాలని ఉండేదట. ఆ సంగతి నాకు ఇవాళ తెలిసింది.

తరవాత కట్టలు చిన్నవయ్యాయి, కష్టమయ్యాయి. మనకి కారం పడదు. గోడ చదవగానే వేణి కాదంది. నాకు పడదు, కడుపులో మంట. ఈ పిల్ల ఆరేళ్ళు నా కడుపు కోసం చప్పిడి కూరలు తింది. భద్రం గారి ఇంట్లోంచి వచ్చిన మాగాయని నేనే వెనక్కి పంపేశాను కూడా.

మనకి ఆ నీళ్ళంటే భయం కదమ్మా. ఎవరికి? నాకు. నీళ్ళు వచ్చిన ఏడు మా అమ్మ చెయ్యి జారిపోయింది నాకు. వేణి పుట్టిందే నీళ్ళ మీద, తనకెందుకు భయం? మనం ఒంటరిగా ఉండలేం. మళ్ళీ నేనే. గోడ చదువుతుంది, వేణి నా ముఖం చూస్తుంది, నేను 'నాకు' అంటాను, వేణి ఔనంటుంది. ఆరేళ్ళుగా ఆమె గురించి రాయించాననుకున్న దాంట్లో సగం నా గురించే ఉంది.

చివరికి ఒకటి వచ్చింది. మూడేళ్ళ కిందటిది. ఈ జన్మకి మనకెందుకమ్మా పెళ్ళిళ్ళు.

వేణి చాలాసేపు మాట కూడగట్టుకుంది. నేను వేచి ఉన్నాను. కిటికీలో ఒక ఇల్లు సగం దాటింది.

"అది... ఎవరక్కా?" అంది.

నాకు పెళ్ళయింది పందొమ్మిదో ఏట. నాలుగేళ్ళు కాపురం చేశాను. ఒకరోజు పొద్దున్న, పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా ఆయన పక్క ఊరికని వెళ్ళాడు. ఎసరు ఇగిరిపోయింది, గిన్నె మాడిపోయింది, ఆయన రాలేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు. "నేనే," అన్నాను గోడతో. "నాకెందుకు పెళ్ళి అనుకున్నాను. వేణి కాదు." అని ఏడ్చేశాను. వేణి చెయ్యి లేచి, తన మాట వినకుండా అటూ ఇటూ ఊగి, ఎలాగో వచ్చి నా మోకాలి మీద పడింది.

శుద్ధ దశమి

ఇవాళ ఆఖరి కట్ట. మనం నవ్వుకున్నాం, మూడుసార్లు.

మొదటి రెండింటిలోనూ నవ్వింది నేనేనట. సరే, దిద్దాను. మూడోది కార్యాలయం మనిషి భద్రం గారి కోసం వచ్చి మంచం కింద కూడా వంగి చూసిన నాటిది. నేను ముందే 'నేను' అనెయ్యబోయాను, అలవాటైపోయింది. వేణి వద్దంది. ఎందుకమ్మా అంటే, ఆ రోజు ఇద్దరం నవ్వాం కదా అంది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు.

దాన్ని అలాగే ఉంచమని గోడకి చెప్పింది. పదకొండు వేలల్లో మిగిలింది అదొక్కటే. నాకు అదే చాలనిపించింది. చాలదనీ అనిపించింది.

శుద్ధ ఏకాదశి

మంచులో ముందు పాట వినిపించింది, తరవాత ఇల్లు కనిపించింది. భద్రం గారు పక్షం రోజులుగా కబురు లేక చిక్కి సగమయ్యారు. ఆ అర్జీ సంగతి ఆయనకి మధ్యలో ఎవరో చెప్పారట. వేణి నిజంగానే వద్దంటే వద్దనే, కానీ ఆమె నోటితో విని వెళ్దామని వచ్చానండి అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాంతిమతి గారు ఒక పక్కన కూర్చున్నారు. నేను అడిగి ఒకటి సాధించాను. ఈ ఒక్క రోజుకి పది ఊపిరుల లెక్క తీసేయించాను. గోడ అడిగింది.

"సత్యవేణీ, ఈ ఇల్లు వదిలి వెళ్తారా?"

వేణి మెడ ఒక పక్కకి వాలింది, దవడ బిగిసింది. తన మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాకు తెలిసిన మాటే అది, ఒక్క క్షణంలో అనెయ్యగలను. ఇల్లు పోటుకి లేస్తోంది, నీళ్ళ వెలుగు వేణి ముఖం మీద ఆడుతోంది. పక్క ఇంట్లో భద్రం గారికి గంట కొట్టే వేళ అయింది. నేల కింద నీళ్ళు తిరుగుతున్న చప్పుడు నాకే వినిపిస్తోంది, ఆయనకి వినిపించదా? ఆయన కొట్టలేదు. అలా కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఇవాళ తేలంక మొత్తం పోటు తిరిగిందని తెలియక, గొలుసులు సర్దుకోక, ఇళ్ళన్నీ అడ్డదిడ్డంగా తిరిగాయట, తరవాత అందరూ తిట్టారు.

"నేను," అంది వేణి. చాలాసేపటికి, "భద్రంతో," అంది. ఇంకా చాలాసేపటికి, "వెళ్తాను."

గోడ రాసుకుంది. వేణి ఇంకా ఆపలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "తాయారక్క... ఏడుస్తోంది. అదీ... రాయి."

అప్పుడు కొట్టారు భద్రం గారు గంట.

తరవాతి నెల, బహుళ ద్వాదశి

చాలా రోజులకి రాస్తున్నాను. ఇప్పుడు నేను ముప్ఫయ్యో ఇంటికి తోడుని. ఈ ఇంటాయన దొరబాబు గారు, డెబ్బై ఏళ్ళు, నడుము కింద కదలదు. ఈయన వాక్యాలు నేను పూర్తి చెయ్యాల్సిన పని లేదు, నా వాక్యాలే ఆయన పూర్తి చేస్తారు. మొదటి రోజే చెప్పేశాను, అయ్యా, మీరు తింటే తిన్నానని మీరే చెప్పుకోండి, నా నోరు మంచిది కాదు అని. ఈ ఇంటి గుమ్మానికి రెండే దీపాలున్నాయి. ఉండనీ.

వేణి వాళ్ళు దండలు మార్చుకున్నది మొన్న విదియ నాడు. భద్రం గారు పాడారు, ఎవరూ ఆపలేదు. వాళ్ళ తెప్ప ఇవాళ మా ఇంటి పక్కకి వచ్చింది. తోడుగా వెళ్ళకూడదు గానీ చుట్టంగా వెళ్ళవచ్చని కాంతిమతి గారిని ముందే అడిగి పెట్టుకున్నాను. దొరబాబు గారికి భోజనం అయ్యాక, గిన్నెలో వంకాయ కూర సర్దుకుని రెండిళ్ళ మధ్య వేసిన బల్ల దాటాను. కారం వేశాను, ఎంత వెయ్యాలో తెలియక చాలానే వేశాను.

వేణి గుమ్మంలోనే కుర్చీలో కూర్చుని ఉంది. జడ వెయ్యలేదు, జుట్టు కత్తిరించుకుంది. మెడ దాకా ఉంది, గాలికి ఎగురుతోంది. ఎవరిని అడిగి కత్తిరించుకున్నావనబోయి ఆగాను. లోపల వాళ్ళ కొత్త తోడు గంగరత్నం కాబోలు గిన్నెలు తోముతోంది, చప్పుడు వినిపిస్తోంది గానీ ముందుకి రాలేదు. మంచి తోడు. భద్రం గారు నిద్రపోతున్నట్టున్నారు, గురక పాటకన్నా నయంగానే ఉంది.

నన్ను చూసి వేణి నవ్వింది. మాట మొదలుపెట్టింది. నేను బల్ల మీదే నిలబడ్డాను, గిన్నె వేడి చేతికి తగులుతోంది. ఏం చెప్పబోతోందో ఊహించలేదు. ఊహించనని ఒట్టు పెట్టుకున్నాను.

"మేము... తినేశాం అక్కా," అంది.

గుండెలో కలుక్కుమంది. ఆ మాటలో నేను లేను. ఆరేళ్ళ పాటు పదకొండు వేలసార్లు నన్ను నేను కలిపేసుకున్న మనిషి, ఎంతో మామూలుగా, ఇంటికొచ్చిన వాళ్ళతో ఇంటివాళ్ళు అన్నట్టు అంది. వెంటనే సంతోషం వచ్చింది, కళ్ళు మసకబారేంత. ఆ రెండూ ఒకేసారి వస్తాయని నాకు తెలియదు.

వేణి ఇంకా అయిపోలేదన్నట్టు చూసింది. వేచి ఉన్నాను.

"నువ్వు... తిన్నావా?"

ఆరేళ్ళలో ఈ మాట తను నన్ను అడగలేదు. అడగడానికి నేనెప్పుడు సందిచ్చాను గనక? ఎప్పుడూ మనం తినేశాం అనేసేదాన్ని, తిన్నా తినకపోయినా.

"లేదమ్మా," అన్నాను. "నేనింకా తినలేదు."

వేణి లోపలికి తిరిగి, గంగరత్నంతో అక్కకి కంచం పెట్టమని చెప్పింది. ఆ మాట పూర్తయ్యేదాకా గంగరత్నం, నేను, ఇద్దరం ఆగాం. తరవాత నేను వెళ్ళి పీట మీద కూర్చున్నాను.